ఆ కట్టల కింద ఎవరున్నారు?

ఆఫీసు బల్ల సర్దుకోవడం అందం కోసమే అనుకుంటాం. కానీ ఆ బల్ల మీద ఆగిపోయిన కాగితం కోసం ఎక్కడో ఎవరో ఎదురుచూస్తుంటారు. ఆ గుట్ట ఎందుకు పెరుగుతుంది? ఎలా తగ్గుతుంది? తగ్గించే తొందరలో పారేయకూడనివి ఏమిటి? తెలుసుకుందాం రండి.

1955 ఏప్రిల్ 18. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కన్నుమూసిన రోజు. 'లైఫ్' పత్రిక ఫొటోగ్రాఫర్ రాల్ఫ్ మోర్స్ ఆయన గదికి వెళ్లి, ఆయన పనిచేసుకునే బల్లను ఫొటో తీశాడు. బల్ల నిండా కాగితాల దొంతరలు, ఎలా పడితే అలా ఉన్న పుస్తకాలు, వెనక గోడకి గణిత సూత్రాలతో నిండిన నల్లబల్ల. చిందరవందరగా ఉండే బల్లల యజమానులందరి తరఫునా ఆ ఫొటో ఇప్పటికీ వకాల్తా పుచ్చుకుంటూనే ఉంది. 'అంతటి మహానుభావుడి బల్లే అలా ఉంటే, ఇక మాదెంత?' అంటారు వాళ్లు.

వాదన బాగానే ఉంది. కాకపోతే ఓ చిన్న తేడా! ఐన్‌స్టీన్ బల్ల మీది కాగితాలు ఐన్‌స్టీన్‌వి. వాటి కోసం వరండాలో ఎవరూ నిలబడలేదు. తహసీల్దారు కార్యాలయంలోనో, ట్రెజరీలోనో, బడి ఆఫీసు గదిలోనో ఉండే బల్ల సంగతి అలా కాదు. అక్కడ ఒక కాగితం ఓ రైతు పాసుపుస్తకం. ఇంకోటి భర్త పోయిన ఇల్లాలి కుటుంబ పింఛను. మరోటి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఓ విద్యార్థి పెట్టుకున్న అర్జీ. ఫైలు గుట్టలో అడుగుకి జారిపోయిందంటే జారిపోయింది కాగితమే కాదు, ఓ ఇంటి నెల ఖర్చు కూడా. ప్రైవేటు ఆఫీసులోనూ అంతే. చెల్లించాల్సిన బిల్లు గుట్టలో ఉండిపోతే ఓ చిన్న సరఫరాదారు తన పనివాళ్లకి జీతాలివ్వలేక దిక్కులు చూస్తుంటాడు.

అందుకే బల్ల సర్దుకోవడాన్ని ఇల్లు ఊడ్చే పనిలా కాకుండా, బాకీ తీర్చే పనిలా చూడాలి.

గుట్ట పుట్టేదిలా...

సోమవారం ఉదయం పది గంటలు. అటెండరు తపాలు తెచ్చి బల్ల మీద పెడతాడు. మొదటి కాగితం తీస్తే దాని మీద పై అధికారిని ఓ మాట అడగాలి. ఆయన క్యాంపులో ఉన్నారు. 'ఆయనొచ్చాక చూద్దాం' అని ఎడమ పక్కన పెడతారు. రెండోది సర్క్యులర్. మనకి వర్తిస్తుందో లేదో తెలియదు. 'ఎందుకైనా మంచిది, ఉంచుదాం' అని దాని మీదే పెడతారు. మూడోది చిక్కు వ్యవహారం, నాలుగు పాత ఫైళ్లు తిరగేస్తే గానీ తేలదు. 'తీరిగ్గా చూద్దాం' అని మళ్లీ అక్కడికే. మధ్యలో ఎవరిదో శుభలేఖ, జెరాక్సు చెడిపోయిన నాలుగు పేజీలు, బ్యాంకు వాళ్లిచ్చిన పోయినేడాది క్యాలెండరు, సిరా అయిపోయిన మూడు పెన్నులు. శనివారానికి గుట్ట మూరెడు ఎత్తు!

ఒక్కసారి గమనించండి. ఆ గుట్టలోకి చేరిన ప్రతి కాగితం వెనకా 'తర్వాత చూద్దాం' అన్న మాట ఉంది. చూడ్డానికి కాగితాల పోగులా ఉన్నా, నిజానికి అక్కడ పేరుకున్నవి మనం తీసుకోని నిర్ణయాలు. గుట్టని కొత్త ట్రేల్లోకి మార్చినా, రంగురంగుల ఫోల్డర్లు కొన్నా వారం తిరిగేసరికి మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే. కాగితాలు కదిలాయి గానీ నిర్ణయాలు కదల్లేదు.

గుట్టకీ ఓ పనుంది

మరి ఇంత చిరాకుపెట్టే గుట్టని జనం ఎందుకు భరిస్తారు? బద్ధకమే కారణమా? ఆఫీసు ఉద్యోగులు తమ బల్లలని ఎలా అమర్చుకుంటారో గమనించి 1983లో థామస్ మలోన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఓ పత్రం ప్రచురించాడు. కాగితాలని పేర్లు రాసి ఫైళ్లలో పెట్టుకునేవాళ్లు కొందరు, గుట్టలుగా పేర్చుకునేవాళ్లు కొందరు కనిపించారాయనకి. గుట్టలవాళ్లని ఆయన తప్పుబట్టలేదు. బల్ల మీది కాగితం రెండు పనులు చేస్తుందని చెప్పాడు. ఒకటి, కావాల్సినప్పుడు దొరకడం. రెండోది, చేయాల్సిన పనిని గుర్తుచేయడం. బీరువాలోకి వెళ్లిన కాగితం మొదటి పని చేస్తుంది కానీ రెండోది చేయలేదు. కళ్లెదుట ఉంటేనే గుర్తుంటుందన్న భయం వల్లే చాలామంది కాగితాన్ని బల్ల దాటనివ్వరు. ఆ భయం అర్థంలేనిదేం కాదు.

2001లో స్టీవ్ విటకర్, జూలియా హిర్ష్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకాస్త లోతుకి వెళ్లారు. ఓ పరిశోధన సంస్థ ఉద్యోగులు ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకి మారుతున్న సమయంలో వాళ్ల దగ్గరున్న కాగితాలని లెక్కతీశారు. వాటిలో వాళ్ల దగ్గర తప్ప మరెక్కడా దొరకనివి 49 శాతమే! మిగతావన్నీ బయట కూడా దొరికే వాటి నకళ్లూ, అసలు చదవనే చదవని కాగితాలూ.

అసలు ఆశ్చర్యం మరోటుంది. చక్కగా ఫైళ్లలో సర్దుకునేవాళ్ల దగ్గర కాగితాలు తక్కువుంటాయనీ, వాటిని తరచూ వాడతారనీ పరిశోధకులు అనుకున్నారు. తీరాచూస్తే తిరగబడింది. గుట్టలవాళ్ల కంటే ఫైళ్లవాళ్ల దగ్గరే కాగితాలు ఎక్కువున్నాయి, వాటిని వాళ్లు తీసి చూసిందీ తక్కువే! కారణం... బల్ల ఖాళీ చేయాలన్న తొందరలో, పనికొస్తుందో రాదో తేలకముందే ఫైల్లో పెట్టేయడం. కష్టపడి సర్దాం కదా అని ఆ తర్వాత పారేయడానికి చేయి రాకపోవడం. అంటే నున్నగా మెరిసే బల్ల ఉన్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదన్నమాట. గుట్ట బల్ల మీంచి బీరువాలోకి మారి ఉండొచ్చు.

తాతల నాటి తెలివి

కాగితాన్ని కళ్లెదుటి నుంచి తీసేయాలి. కానీ అది గుర్తుండాలి. ఎలా? దీనికి జవాబు కోసం విదేశాలకి వెళ్లక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో రూపుదిద్దుకుని, ఆ తర్వాత మన జిల్లా కార్యాలయాల మాన్యువల్‌లోకి వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతిలో అది ఎప్పుడో ఉంది.

తపాలు రాగానే దానికో నంబరు పడుతుంది. ఆ నంబరుతోపాటు అది ఏ గుమస్తాకి వెళ్లిందో డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో ఎక్కుతుంది. గుమస్తా దాన్ని తన 'పర్సనల్ రిజిస్టర్'లో రాసుకోవాలి. ఏ తేదీన వచ్చింది, దాని మీద ఏం చేశారు, ఎవరికి పంపారు, ఎప్పుడు తిరిగొచ్చింది... అన్నీ అందులోనే. సూపరింటెండెంటు ఆ రిజిస్టరుని ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలి. అంటే గుర్తుచేసే పని గుట్టది కాదు, రిజిస్టరుది. బల్ల మీద కాగితం కనిపించకపోయినా రిజిస్టర్లో గడి ఖాళీగా కనిపిస్తుంది. మలోన్ 1983లో గుర్తించిన చిక్కుకి మన గుమస్తాల దగ్గర అంతకు చాలా ముందే మందుంది!

కోర్టులో కేసు నడుస్తోంది, తీర్పు వచ్చేదాకా ఫైలు మీద చేయగలిగిందేమీ లేదు. అలాంటివాటిని బల్ల మీద మగ్గబెట్టకుండా 'కాల్ బుక్' అనే మరో పుస్తకంలోకి ఎక్కించి, ఫలానా తేదీన మళ్లీ తీయాలని రాసుకుంటారు. పని ముగిసిన ఫైలుకి ముగింపు గుర్తు వేస్తారు. 'ఆర్.డిస్' అంటే శాశ్వతంగా దాచాలి. 'డి.డిస్' అంటే పదేళ్లు ఉంచి తీసేయొచ్చు. 'ఎల్.డిస్' అంటే ఏడాది చాలు. ఫైలు మూసే క్షణంలోనే అది ఎన్నాళ్లు బతకాలో రాసేస్తారన్నమాట. ఆ ఒక్క గుర్తు సరిగ్గా వేస్తే, పదేళ్ల తర్వాత రికార్డు రూములో మూట విప్పినవాళ్లు తల పట్టుకోవాల్సిన పనిలేదు.

మరి అంత మంచి పద్ధతి ఉండగా మన ఆఫీసుల్లో మూటల మీద మూటలు ఎందుకున్నాయి? రిజిస్టరు రాయడం మానేసిన చోట, తనిఖీ సంతకానికే పరిమితమైన చోట, గడువు తీరిన ఫైళ్లని తీసేసే బాధ్యత ఎవరిదో తేలని చోట పద్ధతి పుస్తకంలోనే ఉండిపోయింది. 'తీసేశాక ఎవరైనా అడిగితే?' అన్న భయం సరేసరి.

ఎర్ర చీటీ మహిమ

ఆ భయానికి జపాన్ కర్మాగారాలు ఓ ఉపాయం కనిపెట్టాయి. 'ఫైవ్ ఎస్' పేరుతో ప్రపంచమంతా పాకిన పద్ధతి అది. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే... ఈ అయిదు జపనీస్ మాటలూ ఇంగ్లిషులో రాస్తే 'ఎస్'తోనే మొదలవుతాయి. మన మాటల్లో చెప్పాలంటే ఏరివేత, అమరిక, శుభ్రత, అందరికీ ఒకే పద్ధతి, దాన్ని అలవాటు చేసుకోవడం. వరస కూడా ముఖ్యమే. ముందు ఏరివేత, ఆ తర్వాతే అమరిక. మనం సాధారణంగా చేసే పొరపాటు ఇక్కడే. ఏరకుండా అమర్చేస్తాం. అక్కర్లేని వాటికి కూడా అందమైన చోటు కేటాయిస్తాం.

ఏరేటప్పుడు 'ఉంచాలా, తీసేయాలా' అని సందేహం వస్తే దానికో ఎర్ర చీటీ కట్టి, తేదీ వేసి, విడిగా ఓ చోట పెడతారు. నెల అనుకుంటే నెల, రెండు నెలలనుకుంటే రెండు నెలలు. ఈలోగా ఎవరైనా వచ్చి 'ఇది నాకు కావాలి' అని తీసుకెళ్తే సరి. గడువు దాటినా ఎవరూ అడగలేదంటే దాని అవసరం లేనట్టే. పాడైన కుర్చీ, పనిచేయని ప్రింటరు, ఎవరివో తెలియని డబ్బాలు... ఇలాంటివాటికి ఇంతకు మించిన మార్గం లేదు. భయానికి ఓ గడువు పెట్టడమే ఇందులోని కిటుకు.

అదే జపాన్‌లో యుకియో నొగుచి అనే ఆర్థికవేత్త 1993లో రాసిన పుస్తకంలో మరో చిట్కా చెప్పాడు. ఒక్కో వ్యవహారానికి ఒక్కో పెద్ద కవరు. దాని మీద పేరు, తేదీ. అన్నిటినీ అరలో పుస్తకాల్లా నిలబెట్టాలి. కొత్తది వచ్చినా, పాతది తీసి వాడినా... తిరిగి పెట్టేటప్పుడు ఎడమ చివర్నే పెట్టాలి. అంతే! కొన్నాళ్లకి రోజూ వాడేవి ఎడమవైపు, ఎవరూ ముట్టనివి కుడివైపు చేరిపోతాయి. వేరుచేయడానికి ప్రత్యేకంగా కూర్చోనక్కర్లేదు. తీసేయాల్సినవి ఎక్కడున్నాయో అరే చెబుతుంది. ఒక్కరే కూర్చుని పనిచేసుకునే లాయరుకీ, ఆడిటరుకీ, ఇంటి నుంచి చిన్న వ్యాపారం నడిపే గృహిణికీ ఇది భేషుగ్గా పనికొస్తుంది. పదిమంది కలిసి వాడుకునే రికార్డుకి మాత్రం నంబర్ల వరసే మేలు.

పారేసే ముందు... ఆగండి!

ఉత్సాహం వచ్చింది కదా అని ఆదివారం ఆఫీసు తెరిచి అన్నీ తూకానికి వేసేస్తే ఇబ్బందే. ప్రభుత్వ కాగితాన్ని పారేయడం గుమస్తా ఇష్టం కాదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల రికార్డుల కోసం 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టం వచ్చింది. నిబంధనల్లో చెప్పిన పద్ధతిలో తప్ప రికార్డుని నాశనం చేయకూడదంటుందది. ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకూ జైలు, పదివేల వరకూ జరిమానా లేదా రెండూ పడొచ్చు. 1892కి ముందు పుట్టిన రికార్డయితే, ఆర్కైవ్స్ అవసరాలకి ఏమాత్రం పనికిరానంతగా పాడైందని ఆర్కైవ్స్ అధిపతి తేలిస్తే తప్ప దాన్ని నాశనం చేయడానికి వీల్లేదు. రాష్ట్రాల కార్యాలయాలకి వాటి మాన్యువల్లు, శాఖల వారీ గడువులు ఉన్నాయి.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ని గుర్తుచేసుకోవాలి. షాజహాన్, ఔరంగజేబుల కాలంలో దక్కన్‌లో నడిచిన మొఘల్ పాలన తాలూకు పత్రాలు అక్కడ లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో ఎన్నో ఆనాటి ఆఫీసు కాగితాలే. సైనికుల హాజరు, గుర్రాల లెక్క, జీతాల పద్దు! ఆ రోజుల్లో ఎవరో 'పాత కాగితాలే కదా' అనుకుని ఉంటే ఈనాడు చరిత్రకారులకి చేతికందేది బూడిదే.

ప్రైవేటు సంస్థలకీ గడువులున్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలని ఎనిమిది ఆర్థిక సంవత్సరాలకి తగ్గకుండా భద్రపరచాలి. జీఎస్టీ లెక్కలైతే ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి బిల్లుల కట్ట తీసేముందు ఆడిటరుకి ఓ ఫోను కొట్టడం మంచిది. ఇంట్లో అయితే స్థలం దస్తావేజులూ, వాటి లింకు డాక్యుమెంట్లూ, పింఛను ఉత్తర్వులూ, చదువుల సర్టిఫికెట్లూ... వీటికి గడువనేదే లేదు. పదేళ్ల కిందటి కరెంటు బిల్లులతో పాటు వీటిని ఒకే సంచిలో కుక్కడమే ప్రమాదం.

మరో జాగ్రత్త. వేరుశనక్కాయల పొట్లం విప్పితే లోపల ఎవరిదో ఆధార్ జెరాక్సు, ఫోన్ నంబరుతో సహా! నవ్వుకుని పారేసే సంగతి కాదిది. అర్జీదారు నమ్మి ఇచ్చిన కాగితం అది. పేర్లు, నంబర్లు, ఖాతాల వివరాలున్న వాటిని ముక్కలు చేయకుండా తూకానికి వేయకూడదు. పాత కంప్యూటర్ల విషయంలోనూ అంతే. హార్డ్‌డిస్కులోని సమాచారం పూర్తిగా తుడిచాకే, గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ సంస్థకి అప్పగించాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా వాటిని గుర్తింపు పొందిన చోటుకే పంపమంటున్నాయి.

అక్టోబరు నెల... అసలు లెక్క

ఈ సర్దుడు పనిని కేంద్ర ప్రభుత్వం ఓ పెద్ద కార్యక్రమంగానే చేపట్టింది. 2021 అక్టోబరు 2 నుంచి 31 వరకూ తన కార్యాలయాలన్నిటిలో 'ప్రత్యేక ప్రచారం' నడిపింది. ఆ తర్వాతా ఏటా గాంధీ జయంతి నుంచి నెలాఖరు దాకా అదే వరస. మొదటి ఏడాది తుక్కు అమ్మితే వచ్చింది సుమారు 62 కోట్ల రూపాయలు. ఖాళీ అయిన చోటు దాదాపు 12 లక్షల చదరపు అడుగులు! 2024 ప్రచారం ముగిసేసరికి తుక్కు మీద మొత్తం రాబడి 2,300 కోట్లు దాటింది. విరిగిన కుర్చీల కింద, పాత ఫైళ్ల కింద ఇంత చోటు, ఇంత సొమ్ము ఇన్నాళ్లూ నిద్రపోయాయన్నమాట.

అయితే ఈ ప్రచారంలో తుక్కు ఒక్కటే భాగం కాదు. పేరుకుపోయిన ప్రజా ఫిర్యాదులు, వాటి మీద అప్పీళ్లు, ఎంపీలు రాసిన లేఖలు, పార్లమెంటులో ఇచ్చిన హామీలు... వీటిని తేల్చడం కూడా లక్ష్యమే. నిజానికి అసలు కొలత ఇదే. చదరపు అడుగులు కొలవడం తేలిక, ఫొటో తీయడం ఇంకా తేలిక. ఫిర్యాదు 'ముగిసింది' అని రాసినంత మాత్రాన ఫిర్యాదుదారు కష్టం ముగిసినట్టు కాదు. ఫైలు మూయడానికీ, పని పూర్తిచేయడానికీ మధ్య ఉన్న తేడా కౌంటరు అవతల నిలబడ్డవాళ్లకి బాగా తెలుసు.

ఆ నిలబడ్డవాళ్లకి చట్టం ఓ ఆయుధం ఇచ్చింది కూడా. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగిన సమాచారం మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి. అదే చట్టంలోని నాలుగో సెక్షను మరో మాట చెబుతుంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన రికార్డులన్నిటినీ జాబితాలతో, సూచికలతో క్రమపద్ధతిలో ఉంచుకోవాలి. అంటే సర్దిన రికార్డు రూము అధికారి అభిరుచికి సంబంధించింది కాదు, పౌరుడి హక్కు!

కంప్యూటర్లోనూ గుట్టలే

'ఇప్పుడంతా ఆన్‌లైనే కదా' అంటారా? నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఈ-ఆఫీస్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఫైలు ఎవరి దగ్గరుందో, ఎన్ని రోజుల్నుంచి ఉందో అందులో తేదీలతో సహా తెలుస్తుంది. పాత పర్సనల్ రిజిస్టరు చేసిన పనే ఇది. గొప్ప సదుపాయమే. కానీ తెర మీద ఆగిన ఫైలు ఎత్తు కనబడదు, దుమ్ము పట్టదు. పక్క సీటువాళ్లు 'ఏంటండీ ఈ గుట్ట?' అని అడగరు. చూడాల్సినవాళ్లు ఆ జాబితా తెరిచి చూస్తేనే ఉపయోగం.

పాత కాగితాలని స్కాన్ చేయించేటప్పుడూ ఏరివేతే ముందు. పనికిరాని పది పేజీలని స్కాన్ చేస్తే దక్కేది పనికిరాని పది బొమ్మలే. ఇక సొంత కంప్యూటర్ సంగతి... డెస్క్‌టాప్ మీద 'న్యూ', 'న్యూ 1', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్' అని ఓ పాతిక ఫైళ్లు! ఏది చివరిదో చేసినవాళ్లకే తెలియదు. ఫైలు పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ... ఈ వరసలో అంకెలేసి, తర్వాత విషయం రాస్తే చాలు. కంప్యూటరే వాటిని కాలక్రమంలో నిలబెడుతుంది. ముఖ్యమైనవాటికి రెండో ప్రతి మరో చోట ఉంచడం మరవకూడదు.

ఒక్క శనివారం చాలు

మొదలుపెట్టడమే కష్టం. మొత్తం గది ఒకేసారి కాకుండా ఒక బల్ల, ఒక సొరుగు, ఒక బీరువా అర... ఇలా వెళ్తే అలుపుండదు. ఓ శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి.

నాలుగు అట్టపెట్టెలు: ఒకదాని మీద 'చేయాలి', రెండోదాని మీద 'రావాలి', మూడోదాని మీద 'దాచాలి', నాలుగోదాని మీద 'తీసేయాలి' అని రాయండి. బల్ల మీది కాగితాలన్నీ కింద పెట్టి, పైనుంచి ఒక్కోటి తీయండి. చేతిలోకి తీసుకున్న కాగితం ఈ నాలుగింటిలో ఒక దాంట్లోకే వెళ్లాలి. తిరిగి గుట్టలోకి వెళ్లకూడదు.

చీటీ తప్పనిసరి: 'చేయాలి' పెట్టెలోని ప్రతి కాగితానికీ ఓ చిన్న చీటీ. దాని మీద తర్వాత చేయాల్సిన ఒకే ఒక్క పని, తేదీ. 'పరిశీలించాలి' అని రాస్తే లాభం లేదు. 'మంగళవారం సర్వేయరుకి ఫోన్' అని రాస్తే పని కదులుతుంది.

డైరీలో 'రావాలి': వేరేవాళ్ల నుంచి రావాల్సిన జవాబులు, ఎవరి నుంచి, ఎప్పటిలోగా అన్నది డైరీలో ఎక్కించండి. ఆ తేదీకి రాకపోతే రిమైండరు. ఇక ఆ కాగితం బల్ల మీద ఉండక్కర్లేదు.

చేతి దూరం: రోజూ వాడేవి చేయి చాస్తే అందాలి. వారానికోసారి వాడేవి సొరుగులో, నెలకోసారివి బీరువాలో, ఏడాదికోసారివి రికార్డు రూములో. స్టేప్లరు, జెమ్ క్లిప్పులు, ట్యాగులు, స్టాంపు ప్యాడు ఒక్కోటి చాలు. మూడు స్టేప్లర్లు ఉన్నాయంటే పిన్నులు ఒక్కదాంట్లోనూ ఉండవు.

గోడకి ఎడం: ర్యాకుల్ని గోడకి ఆనించొద్దు. చెమ్మ, చెదలు అటునుంచే వస్తాయి. నేల మీద మూటలు అస్సలొద్దు. ప్లగ్గు పాయింట్ల దగ్గర, కరెంటు తీగల మీద కాగితాల కట్టలు పేర్చడం నిప్పుతో చెలగాటమే.

పేరు పైకి: మూట మీద, ఫైలు వీపు మీద సంవత్సరం, విషయం, తీసేయాల్సిన సంవత్సరం... మూడూ పెద్దక్షరాలతో. బీరువా తలుపు లోపల జాబితా అంటించండి.

ఇక సాయంత్రం పది నిమిషాలు: కొత్త గుట్ట పుట్టేది సాయంత్రాలే. ఇంటికెళ్లే హడావుడిలో అన్నీ ఒకచోట కుప్పేస్తాం. లేవబోయే ముందు పది నిమిషాలు ఆ రోజు కాగితాలని పెట్టెల్లోకి పంపి, మర్నాడు ముందుగా చేయాల్సిన ఒక్క ఫైలు మాత్రం బల్ల మీద ఉంచండి. ఉదయం వచ్చేసరికి పని మీకోసం సిద్ధంగా ఉంటుంది.

సెలవు పెట్టి చూడండి!

ఇంతా చేశాక బల్ల బాగా సర్దినట్టా కాదా అని తేల్చేదెలా? ఫొటోలో చూస్తే తెలియదు. పై అధికారి మెచ్చుకుంటే తెలియదు. మీరు సెలవు పెట్టిన రోజున తెలుస్తుంది. పక్క సీటు ఉద్యోగి మీ బల్ల దగ్గరికొచ్చి, మీకు ఫోన్ చేయకుండా, కావాల్సిన ఫైలు రెండు నిమిషాల్లో తీయగలిగితే ఆ బల్ల సర్దినట్టే. అది ఎంతదాకా వచ్చిందో, ఎవరి దగ్గర ఆగిందో రిజిస్టరు చూసి చెప్పగలిగితే ఇంకా సంతోషం.

ఎందుకంటే మన ఆఫీసుల్లో వినబడే మాటల్లోకెల్లా కఠినమైనది 'లేదు' అన్నది కాదు. లేదంటే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు. 'ఆ సీటాయన సెలవండీ, రేపు రండి' అన్నదే అసలు కష్టం. ఆ రేపటి కోసం ఒకరు కూలి మానుకుని వస్తారు, ఒకరు రెండు బస్సులు మారి వస్తారు, ఒకరు మోకాళ్ల నొప్పులతో మళ్లీ మెట్లెక్కుతారు. ఫైలు దొరికితే వాళ్లకి ఆ రోజు కలిసొస్తుంది.